గూటికి తిరిగి వచ్చిందా?

దివ్య ఖుర్ఆన్‌ను శ్రద్ధగా పఠించేవారు ఒక సంగతి గమనించకుండా ఉండలేరు. అందులో ఆవు పేరిట ఒక సూరా ఉంది. తేనెటీగ పేరిట, చీమ పేరిట, సాలెపురుగు పేరిట, ఏనుగు పేరిట కూడా సూరాలున్నాయి. సూరా గాషియా ఒంటె సృష్టిని గురించి యోచించమంటుంది. సూరా ముల్క్ ఆకాశంలో ఎగిరే పక్షుల వైపు మన దృష్టిని మళ్ళిస్తుంది. సూరా అన్ఆమ్ అయితే నేలపై నడిచే జంతువులను, రెక్కలతో ఎగిరే పక్షులను మనవంటి సముదాయాలుగానే పేర్కొంటుంది. చూడటం, చూసినదానిని గురించి ఆలోచించడం విశ్వాసి జీవితంలో ఒక బాధ్యత అని ఈ ప్రస్తావనలన్నీ గుర్తు చేస్తాయి.

ఆ చూపును అలవరచుకోవడానికి నాకు తోడ్పడిన సాధనం ఒక కెమెరా. నేను జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా ఊరు సూళ్ళూరుపేటకు దగ్గర. మాకు ఒకవైపు పులికాట్ సరస్సు, మరొకవైపు దొరవారి సత్రం మండలంలోని నేలపట్టు చెరువు. శీతకాలం వచ్చిందంటే శ్రీహరికోట రోడ్డు పక్కన నిస్సారమైన ఉప్పునీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి. నేలపట్టు చెరువులో నీట మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు గూళ్ళు కట్టుకుంటాయి. 1976లో ఆ చెరువును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. గూడబాతులు పిల్లలు చేసే స్థలాలలో దానికి దక్షిణాసియాలోనే పేరుంది. ఇంత సంపద ఇంటి ముంగిట ఉండగా బడిలో పిల్లలకు పక్షుల పాఠం నల్లబల్ల మీద సుద్దముక్కతో చెప్పడం నాకు వెలితిగా తోచేది. పదిహేనేళ్ళ క్రితం, కొన్ని సంవత్సరాలు కూడబెట్టిన సొమ్ముతో ఒక కెమెరా, దూరపు దృశ్యాలను దగ్గరకు తెచ్చే ఒక లెన్సు కొన్నాను.

కెమెరా ఇంటికి వచ్చిన రోజున మా అబ్బాజాన్ ముఖంలో సంతోషం కనిపించలేదు. ఆయన వృత్తిరీత్యా దర్జీ. నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చొని మమ్మల్ని చదివించారు. ప్రాణుల బొమ్మలు ఇంట్లో ఉండకూడదన్నది ఆయన తన తండ్రి నుంచి నేర్చుకున్న నియమం. మా ఇంటి గోడ మీద మక్కా, మదీనా మస్జిదుల చిత్రాలు తప్ప మరేదీ ఉండేది కాదు. "బేటా, నీ సంపాదన, నీ ఇష్టం. అయితే వాటిని గోడకు తగిలించకు. నేను నమాజు చేసుకునే గదిలోకి తీసుకురాకు" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఈ విషయంలో మన పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయని పాఠకులకు తెలుసు. చేతితో ప్రాణుల రూపాలు చిత్రించడాన్ని గురించిన హదీసుల హెచ్చరిక ఫోటోకూ వర్తిస్తుందని మన ఉపఖండంలోని పలువురు ఉలమాల అభిప్రాయం. గత శతాబ్దపు ఆరంభంలో ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ వంటివారు ఫోటో అంటే కొత్త రూపాన్ని సృష్టించడం కాదనీ, ఉన్న వస్తువు నీడను పట్టి నిలపడమేననీ, అది అద్దంలోని ప్రతిబింబం వంటిదనీ వాదించారు. నేను రెండవ అభిప్రాయం వైపు మొగ్గాను. అబ్బాజాన్ మొదటి దానినే పట్టుకున్నారు. తండ్రీకొడుకులం ఒకే కప్పు కింద రెండు అభిప్రాయాలతో పన్నెండేళ్ళు గడిపాము. ఆయన ఉన్నంతకాలం నేను తీసిన ఫోటో ఏదీ మా ఇంటి గోడ ఎక్కలేదు. అవి బడి ప్రయోగశాల గోడల మీదికి వెళ్ళాయి, కంప్యూటరులో ఉండిపోయాయి. దానివల్ల నాకు కలిగిన నష్టమేమీ లేదు. తండ్రి మనసు నొప్పించి గోడను అలంకరించుకోవడంలో ఏ కళా లేదు.

ఆలోచిస్తే కెమెరా మనకు పరాయిది కూడా కాదు. బస్రాలో పుట్టి కైరోలో పరిశోధనలు సాగించిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ళ క్రితం 'కితాబుల్ మనాజిర్' అనే ఉద్గ్రంథం రచించాడు. వెలుగు వస్తువుల నుంచి కంటికి చేరడం వల్లనే మనం చూడగలుగుతున్నామని ఆయన నిరూపించాడు. చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వెలుగును ప్రసరింపజేసి, అది తిన్నని గీతలలో ప్రయాణించే తీరును పరీక్షించాడు. నేటి కెమెరా మూలసూత్రం ఆ చీకటి గదిదే. ప్రాణులను నిశితంగా పరిశీలించే సంప్రదాయమూ మనకు కొత్త కాదు. బస్రాకే చెందిన అల్ జాహిజ్ తొమ్మిదవ శతాబ్దంలోనే జంతువుల గురించి అనేక సంపుటాల గ్రంథం రాశాడు.

మొగల్ చక్రవర్తి జహంగీర్ ఆస్థానంలో ఉస్తాద్ మన్సూర్ అనే చిత్రకారుడుండేవాడు. చక్రవర్తి ఆయనకు 'నాదిరుల్ అస్ర్' అనే బిరుదునిచ్చాడు. యుగంలో అరుదైనవాడని దాని భావం. జహంగీర్ స్వయంగా సారస కొంగల జంటను పెంచి, అవి గుడ్లు పొదిగే తీరును దినచర్య గ్రంథంలో నమోదు చేసినవాడు. మన్సూర్ గీసిన పక్షి చిత్రాలలో ఈకల వరుస, కాలి పొలుసులు, కంటి రంగు కూడా తప్పిపోవు. యూరపు శాస్త్రవేత్తలు సైబీరియా కొంగను 1773లో వర్ణించడానికి శతాబ్దంన్నర ముందే ఆయన కుంచె దానిని కాగితం మీద నిలిపింది. నాలుగు వందల ఏళ్ళ క్రితం మన దేశానికి వచ్చిన ఆ కొంగలు 2002 తర్వాత రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు రాలేదు. ఆయనదని భావించే ఒక డోడో పక్షి చిత్రం నేడు రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఆ పక్షి జాతి పదిహేడవ శతాబ్దం ముగిసేలోగా భూమి మీద లేకుండా పోయింది. ప్రాణి కనుమరుగైన తర్వాత చిత్రం సాక్ష్యంగా మిగులుతుంది. సాక్ష్యం అంటే మన ధర్మంలో ఎంత బరువైన మాటో చెప్పనక్కరలేదు.

సాక్ష్యం విలువ తెలియడానికి మొగలుల కాలం దాకా వెళ్ళవలసిన పని కూడా లేదు. కడప జిల్లా లంకమల అడవుల్లో కలివి కోడి అనే పక్షి ఉండేది. 1848లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, స్థానిక వేటగాడు ఐతన్న తోడ్పాటుతో దానిని మళ్ళీ కనుగొన్నాడు. రాత్రివేళ పొదల మధ్య తిరిగే ఆ పక్షి జాడ తెలుసుకోవడానికి తరువాతి పరిశోధకులు ఇసుక మీది అడుగుజాడలను, వాటంతటవే ఫోటో తీసే కెమెరాలను ఆశ్రయించారు. దాని ఆవాసం గుండా పోవలసిన తెలుగుగంగ కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చిందంటే, ఒక చిన్న పక్షి అక్కడ ఉన్నదన్న సాక్ష్యానికి ఉన్న బలం అర్థమవుతుంది.

ఇక నా అనుభవానికి వస్తాను. ఫజ్ర్ నమాజు ముగించి, బస్సెక్కి, తెల్లవారేసరికి చెరువు గట్టుకు చేరడం నాకు అలవాటైంది. ఈ కళలో చేతికంటే ఓర్పుకే పని ఎక్కువ. బూడిదరంగు దుస్తులు ధరించి, ఒకేచోట రెండు మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. మొదటి అరగంట పక్షులు మనల్ని గమనిస్తాయి. ఆ తర్వాత మనం అక్కడున్న ఒక మొద్దుగా మారిపోతాము. అప్పుడు వాటి అసలు జీవితం మొదలవుతుంది. నాలుగైదు కిలోల బరువుండే గూడబాతు సన్నని కొమ్మ మీద దిగే ముందు రెక్కలను ఎదురుగాలికి చాచి, కాళ్ళను ముందుకు చాపి, తన బరువును కొమ్మకు మెల్లగా అప్పగిస్తుంది. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలో దూర్చి చేపలను అందుకుంటుంది. ఆడది, మగది వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి. మధ్యాహ్నపు ఎండలో తల్లి రెక్కలు కాస్త విప్పి పిల్లలకు నీడ పడుతుంది, తాను నోరు తెరిచి రొప్పుతుంది. ఇవి చూస్తున్నంతసేపూ నా పెదవుల మీద 'సుబ్హానల్లాహ్' అనే మాట తప్ప మరొకటి ఉండేది కాదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక అబ్బాజాన్ నా ఫోటోలు చూపమని ఎన్నడూ అడగలేదు. ఆయన వేరే ప్రశ్న అడిగేవారు. "నువ్వు వచ్చేశాక ఆ పక్షి గూటికి తిరిగి వచ్చిందా?"

మొదటిసారి ఆ ప్రశ్న విని, "అది గూడు వదలి వెళ్ళలేదు అబ్బా, నేను దూరం నుంచే తీశాను" అన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. మరుసటి వారం మళ్ళీ అదే ప్రశ్న. ఆ మరుసటి వారం కూడా అంతే. ఒకనాడు నేనే, "ప్రతిసారీ ఇదే ఎందుకు అడుగుతారు?" అన్నాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన సంఘటన చెప్పారు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (సల్లం) కొద్దిసేపు పక్కకు వెళ్ళినప్పుడు, సహచరులకు ఒక చిన్న పక్షి, దాని రెండు పిల్లలు కనిపించాయి. వారు పిల్లలను చేతిలోకి తీసుకున్నారు. తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరగసాగింది. తిరిగి వచ్చిన దైవప్రవక్త (సల్లం) ఆ పక్షి వేదనను చూసి, దానికి బాధ కలిగించినదెవరని ప్రశ్నించి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు.

"ఆ సహచరులకు పక్షిని చంపాలనే ఉద్దేశం లేదు బేటా. ముచ్చటపడి తీసుకొని ఉంటారు. అయినా తల్లి గాబరా పడింది. అదే చాలు, తిరిగి ఇచ్చేయమన్నారు. నీ కెమెరా పిల్లలను ఎత్తుకుపోదు, నిజమే. కానీ తల్లిని గూటి మీద నుంచి లేపగలదు కదా" అన్నారు.

ఫోటోల గురించి ఏ పుస్తకమూ చదవని మా అబ్బాజాన్ ఈ కళకు మూలమైన నీతిని ఒక్క ప్రశ్నలో చెప్పారు. గుంపులుగా గూళ్ళు కట్టే పక్షులను బెదరగొడితే ఏమవుతుందో జీవశాస్త్ర ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు. తల్లిదండ్రులు ఎగిరిపోయిన కొద్ది నిమిషాలలో కాకులు గుడ్ల మీద వాలతాయి. ఈకలు మొలవని పిల్లలు ఎండవేడికి తాళలేవు. బెదిరిన పెద్ద పిల్లలు గూటి అంచు నుంచి జారి నీళ్ళలో పడతాయి. పదేపదే ఇలా జరిగితే పక్షులు ఆ చోటునే విడిచిపెడతాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కొన్నేళ్ళ క్రితం, మా ప్రాంతంలోని ఒక చిన్న ఊరచెరువు వద్ద ఇటువంటిది కళ్ళారా చూశాను. దూరప్రాంతం నుంచి నలుగురు ఖరీదైన కెమెరాలతో వచ్చారు. పక్షులు గూళ్ళలో కూర్చొని ఉన్న దృశ్యం వారికి చాలలేదు. ఆకాశం నిండా రెక్కలు కావాలి. గట్టు మీద పశువులు కాస్తున్న పిల్లవాడికి ఇరవై రూపాయలిచ్చి రాళ్ళు రువ్వమన్నారు. వందలాది కొంగలు ఒక్కసారిగా లేచాయి. నేను పరుగున వెళ్ళి వద్దని వారించాను. "ఒక్క నిమిషమే కదా సార్, మళ్ళీ వచ్చి కూర్చుంటాయి" అన్నాడు వారిలో ఒకాయన. పక్షులు తిరిగి వచ్చాయి, నిజమే. ఆలోగా కాకులు తమ పని కానిచ్చాయి. ఆయన తీసిన ఫోటో నిస్సందేహంగా అందంగా వచ్చి ఉంటుంది. ఆ అందానికి వెల ఎవరు చెల్లించారో మాత్రం అందులో కనబడదు. రాయి విసిరిన ఆ పిల్లవాడికి ఆ రోజు అందిన పాఠం నన్ను మరింత కలవరపరచింది. వాడితో కాసేపు కూర్చొని, నా లెన్సు గుండా ఒక గూటిని చూపించాను. వాడు చాలాసేపు మాట్లాడకుండా చూశాడు.

గూటికి అడ్డుగా ఉన్న ఆకులను, రెమ్మలను కత్తిరించి ఫోటో తీసేవారున్నారు. ఆ ఆకులు పిల్లలకు ఎండ నుంచి గొడుగు, గద్ద కంటి నుంచి పరదా. పరదాను గౌరవించే ఇళ్ళలో పెరిగిన మనకు ఈ మాట వివరించనక్కరలేదు. మన దేశంలో అనేక ఫోటో పోటీల నిర్వాహకులు గూళ్ళ ఫోటోలను స్వీకరించడం మానుకున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యపక్షుల గుడ్లను, గూళ్ళను పాడుచేయడాన్ని నిషేధిస్తుంది. చట్టం ఉన్నా, చెరువు గట్టున మనల్ని చూసే అధికారి ప్రతిరోజూ ఉండడు. అక్కడ మనల్ని ఆపగలిగినది అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ మాత్రమే.

ఈ కళకు నిజాయితీ కూడా ప్రాణం. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా జరిపే వన్యప్రాణి ఫోటోల పోటీ లోకప్రసిద్ధం. అందులో 2009 సంవత్సరపు బహుమతి ఒక కంచె మీదుగా దూకుతున్న తోడేలు ఫోటోకు దక్కింది. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసిన జంతువు అయి ఉంటుందని న్యాయనిర్ణేతలు భావించి, 2010లో ఆ బహుమతిని రద్దు చేశారు. 2017లో ఒక విభాగంలో గెలుపొందిన చీమతిండి జంతువు ఫోటోలో ఉన్నది గడ్డి కూరిన బొమ్మ అని నిపుణులు తేల్చడంతో, మరుసటి సంవత్సరం దానినీ తొలగించారు. రెండూ కంటికి ఇంపైన ఫోటోలే. అడవిలో జరగని దానిని జరిగినట్లు చూపితే ఎంత అందమైనదైనా అది అబద్ధపు సాక్ష్యమే అవుతుంది.

ఇందుకు భిన్నంగా, చదువులేని పల్లెటూళ్ళు నేర్పే పాఠం ఒకటుంది. అనంతపురం ప్రాంతంలోని వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్యనున్న చెట్ల మీదే గూళ్ళు కడతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలుగా ఊరివారు వాటిని ఆదరిస్తారు. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులో ఊరిచెరువునే పక్షులకు విడిచిపెట్టారు. మా నేలపట్టు రైతులు పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పైరుకు బలమని చెబుతారు. వారెవరి వద్దా పెద్ద కెమెరాలు లేవు. అయినా మనం అక్కడికి వెళ్ళి ఫోటో తీసుకోగలుగుతున్నామంటే అది వారి దయ.

అబ్బాజాన్ మూడేళ్ళ క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. చివరి వరకూ ఆయన తన అభిప్రాయం మార్చుకోలేదు. మంచం పట్టిన రోజులలో సాయంత్రం నేను గదిలోకి వెళ్తే, వివరంగా చెప్పించుకొనేవారు. పిల్లలు ఎంత పెరిగాయి, నీళ్ళు ఎంత వరకు తగ్గాయి, తల్లి చేపల కోసం ఎటు వెళ్ళింది. ఫోటో చూడకుండానే ఆయన నేలపట్టును నాకంటే స్పష్టంగా చూసేవారని నాకు అనిపించేది. ఆయనకు చెప్పవలసి వస్తుందనే నేను మరింత జాగ్రత్తగా గమనించేవాణ్ణి. నా కెమెరా నేర్పిన దానికంటే ఆ సాయంత్రాలు నేర్పినదే ఎక్కువ.

ఇటీవల మా అమ్మాయి తాను తీసిన గూడబాతు ఫోటోను పెద్దదిగా ముద్రించి, హాల్లో పెట్టుకుందామని అడిగింది. ఫోటో బాగుంది. దాదాజాన్ ఇక లేరు కదా అన్నది ఆమె మాటలో ధ్వనించింది. ఆయన నమాజు చేసుకున్న గది, కూర్చున్న కుర్చీ, ఆయన పెట్టిన నియమం ఇంకా ఈ ఇంట్లో ఉన్నాయని చెప్పాను. ఆమె కొంచెం నొచ్చుకుంది. ఇద్దరం మాట్లాడుకొని ఒక ఆల్బమ్ తెచ్చుకున్నాము. ప్రతి ఫోటో కింద తేదీ, స్థలం, పక్షి పేరు రాస్తున్నాము. చివరి గడిలో మరొక వివరం కూడా రాయాలని ఆమే నిర్ణయించింది: మనం వెనుదిరిగేటప్పుడు పక్షి గూటిలోనే ఉందా, లేదా. లేదు అని రాయవలసి వచ్చిన ఫోటోను ఆల్బమ్‌లో పెట్టకూడదన్నది మా ఒప్పందం.

నేడు దాదాపు ప్రతి ఇంట్లో, ప్రతి పిల్లవాడి చేతిలో కెమెరా ఉన్న ఫోన్ ఉంది. దానిని తెల్లవారుజామున పెరటి చెట్టు వైపు, ఊరి చెరువు వైపు తిప్పే అలవాటు తల్లిదండ్రులు నేర్పవచ్చు. పికిలి పిట్ట, తేనెపిట్ట, గిజిగాడు మన చుట్టూనే ఉన్నాయి. ఫోటో గోడ మీద పెట్టాలా వద్దా అన్నది ఎవరి ఇంటి విశ్వాసాన్ని బట్టి వారు, తమకు నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించి నిర్ణయించుకోవచ్చు. గూటికి దూరంగా ఉండటం, ఆకు తెంపకపోవడం, రాయి విసరకపోవడం, ఉన్నది ఉన్నట్లుగా చూపడం మాత్రం అన్ని ఇళ్ళకూ వర్తించే నియమాలు. పిల్లవాడు ఫోటో తెచ్చి చూపినప్పుడు బాగుందని మెచ్చుకోండి. వెంటనే, ఆ పక్షి ఏం చేస్తుండగా వచ్చావు అని కూడా అడగండి. ఒక మూగప్రాణి నెమ్మది గురించి ఇంట్లో పెద్దలు అడుగుతున్నారని తెలిసిన పిల్లలు, రేపు మనుషుల నెమ్మది గురించి కూడా ఆలోచిస్తారు. సృష్టిని చూసే కన్నుతో పాటు దానిపై కరుణ చూపే హృదయాన్ని కూడా అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.